గుంతకల్లు ప్యాసింజరు

పొగ సంగతి నాకు తెలుసు.
మా నాయన చిలుం పట్టుకుంటే
మొదటి దమ్ముకే కండ్లు చెప్పేవి
వచ్చిందా, రాలేదా అని.
చాలనుకుంటే బోర్లించి పక్కన పెట్టేవాడు.
పొగకు ఒగ మర్యాద ఉండాది:
వచ్చేటప్పుడు దగ్గి వస్తాది,
దీపాలు పెట్టకముందే చెప్పులేసుకుని పోతాది.

తినేదాని సంగతి ఉరుకుందు నేర్పినాడు.

ఆదోనిలో, జిన్నింగు మిల్లులో
ఇరవై ఏండ్లు దూది బేళ్లు మోసిన మనిషి.
ఎక్స్‌రే వెలుతురుకెత్తి డాక్టరు అన్యాడంట
"రొమ్ములో అంతా దూదే ఉండాదయ్యా,
ఇంక నిప్పు చూపిస్తే అంటుకుంటాది."
భయపడినాడు. నవ్వినాడు గూడా.
బీడీ మానేసినాడు. చిలుం నా చేతికిచ్చినాడు,
సంతలో ఎద్దును అప్పగించినోని మాదిరి
రొంతసేపు తాడు వదలకుండా.

హోళీ నాడు సేటు ఇంట్లో వంటమనిషి
ఆకుపచ్చ బర్ఫీ మూడు ముక్కలు
పేపర్లో చుట్టి ఇచ్చినాడు.
"తినేదే కదప్పా. తీపే కదప్పా.
నిప్పు లేదు, దగ్గు లేదు, వాసన లేదు."
ఒగ ముక్క తిన్యాడు.
పైనున్న జీడిపప్పు ఊడదీసి నాకిచ్చినాడు.

ఏడుంబావు.
ఏడున్నర.
ఎనిమిది.
"ఏం లేదు. సేటు దీంట్లో గూడా తూకం కొట్టినాడు"
అని, మిగిలిన రెండూ నోట్లో యేసుకున్యాడు.

గుంతకల్లు ప్యాసింజరు తెలుసు కదా.
రాదు. రాదు. రద్దయిందేమో అనుకుని
సంచి తలకింద పెట్టుకుని పండుకుంటాం.
అప్పుడు వస్తాది,
పొద్దుట్నుంచి రావాల్సిన బండ్లన్నీ
ఒగే పట్టాల మీద, ఒగే కూతతో.
ఎక్కినాక ప్రతి స్టేషన్లో ఆగుతాది గానీ
దిగేదానికి మనకు కాళ్లుండవు.

"టైమెంత?" అన్యాడు. తొమ్మిదీ ఇరవై.
చేతులు చూసుకున్యాడు. "ఇవి ఎవురివి?"
"టైమెంత?" తొమ్మిదీ ఇరవై ఒకటి.
దూది కుప్ప మీద కూసోబెడితే
మునిగిపోతాండానని నా చొక్కా పట్టుకున్యాడు.
ఉడుకుతాండే గిన్నె మీద మూత మాదిరి గుండె,
నా అరచేతికే తెలుస్తాంది.

ఆటో. సర్కారాసుపత్రి.
రాత్రి డ్యూటీ సిస్టరు ఫిలోమినమ్మ
నాడి పట్టి, కండ్లలోకి టార్చి కొట్టి,
తిట్టకుండా అడిగింది: "పీల్చినాడా, తిన్యాడా?"
తిన్యాడంటి.
కుర్చీ లాక్కుని కూసునింది.
"పీల్చింటే ఈపాటికి ఇంటికి పంపేదాన్ని.
ఊపిరితిత్తులు వాకిలి, వచ్చినోడు అట్లే పోతాడు.
కడుపు తాలూకాఫీసు.
అర్జీ బల్లబల్లకూ తిరిగి
పెద్ద ముద్ర యేయించుకుని గానీ బయటికి రాదు.
తెల్లారిందాకా కాచుకోవాల్సిందే."

కాచుకున్యాం.

రెండు గంటలప్పుడు చానా మెల్లగా అడిగినాడు:
"సుంకులమ్మ బువ్వ తినిందా?"

సుంకులమ్మ పోయి ఆరేండ్లు.
ఆ పొద్దు ఒగ చిలుం పీల్చి
పొడి కండ్లతో పాడె మోసినాడు.
గట్టోడు అనుకున్యాం అందరం.
పొగ ఆ పూట దాటించింది,
దాని పని అంతవరకే.
మిగిలిందంతా యాడో మింగి పెట్టుకున్యాడు.
ఆరేండ్లు అరగనిది
సెలైన్ బాటిలు ఊగేట్టు వచ్చింది.
అది బర్ఫీయా, సుంకులమ్మా
అని తేల్చేదానికి
ఫిలోమినమ్మ దగ్గర గూడా కొలత లేదు.

బయటికొచ్చి జేబు తడుముకున్యా.
చిలుం ఉండాది. అగ్గిపెట్టె ఉండాది.
వేప్మాను కింద రొంతసేపు నిలబడి
లోపలికి పోయినా.

తెల్లారినాక ఆసుపత్రి ఎదుట బండి కాడ
ఉగ్గాని, మిరపకాయ బజ్జీ.
ప్లేటు పట్టుకుని నన్ను చూసినాడు:
"దీంట్లో ఏం లేదు కదా?"
బొరుగులు కెలికినాడు, పప్పులపొడి వాసన చూసినాడు.
సగం తిని ఆపినాడు.
మిల్లు సైరన్ మోగినా లేయలేదు.
గంటసేపు మెట్ల మీద కూసున్యాడు
ప్లేటు ఒళ్లో పెట్టుకుని,
వచ్చేదాని కోసం.

ఏం రాలేదు.
మిగిలిన సగం తిన్యాడు.